సముద్రానికి ఎరువు ఎవరు వేస్తారు?

అంగడి రోజు. ఎండు చేపలు అమ్మే అవ్వ గోనెపట్టా పరిచి కూర్చున్నది. ఒక పక్క రొయ్యపొట్టు. ఒక పక్క నెత్తళ్ళు. మధ్యలో ఎండు కవళ్ళు. రామగిరి పక్క ఊళ్ళల్లో వీటినే ఒట్టి చాపలు అని కూడా అంటారు. చింతపండు పులుసులో వంకాయ వేసి వండితే వాడకంతా వాసన వస్తుంది. గనిలో షిఫ్టు దిగి వచ్చిన మనిషికి ఆ పులుసు ఉంటే ఇంకో కూర అక్కరలేదు.

ఒక కోడలు పిల్ల నాలుగు కవళ్ళు చేతిలోకి తీసుకుని చూసింది.

"ఏందవ్వా, చాపలు గింత చిన్నగున్నయి? పోయినేడు గిట్ల లేకుండె గదా?"

"నేనేం జేద్దు బిడ్డా? సముద్రంల మేత తక్వైతే చాప పెరగదట. రేవుల మాకు సరుకిచ్చెటోళ్ళు చెప్పిన్రు."

కోడలికి నవ్వు వచ్చింది. "సముద్రంల మేతేందవ్వా? ఎవరేస్తరు?"

అవ్వకు అంతకు మించి తెలియదు. కాని ఆమె చెప్పిన మాట నిజం. సముద్రంలో మేత ఉంటుంది. అది ఒక ఏడు బాగా పండుతుంది. ఒక ఏడు పండదు. పొలంలో పంట లాంటిదే. ఆ పంటను బట్టే చేప పెరుగుతుంది. రామగిరికి సముద్రం 300 కిలోమీటర్లకు పైగా దూరం. అయినా ఆ మేత సంగతికి, ఇక్కడి గోదావరికి సంబంధం ఉన్నది.

ముందు చెరువు దగ్గర చూద్దాం

సముద్రం చూడని వాళ్ళు చాలామంది ఉంటారు. చెరువు చూడని వాళ్ళు ఎవరూ ఉండరు. అందుకని చెరువు దగ్గర మొదలుపెడితే సులువు.

తెలంగాణలో 2016 నుంచి చెరువుల్లో వదలడానికి ప్రభుత్వం ఉచితంగా చేప పిల్లలు ఇస్తున్నది. బొచ్చె, రవ్వు, మోసు పిల్లలు వస్తాయి. ఒకే లారీలో వచ్చిన పిల్లలను రెండు చెరువుల్లో వదిలారనుకోండి. ఏడాది తరువాత వల వేస్తే ఒక చెరువులో బొచ్చె కిలో తూగుతుంది. రెండో దాంట్లో పావు కిలో కూడా ఉండదు. పిల్ల ఒకటే, వయసు ఒకటే. మరి తేడా ఎక్కడ వచ్చింది?

నీళ్ళలో వచ్చింది. చేపలు బాగా పెరిగే చెరువు నీళ్ళు లేత ఆకుపచ్చగా ఉంటాయి. దోసిట్లోకి తీసుకుంటే కొద్దిగా మబ్బుగా కనపడతాయి. ఆ పచ్చదనం ఊరికే వచ్చింది కాదు. ఆ నీళ్ళలో కంటికి ఆనని చిన్న చిన్న మొక్కలు కోట్లకొద్దీ ఉంటాయి. వాటికి వేరు లేదు, కాండం లేదు. నలుసుల్లాగా నీళ్ళలో తేలుతుంటాయి. పుస్తకాల్లో వీటిని ప్లవకాలు అని రాస్తారు. ఇక్కడ పచ్చ నలుసులు అందాం.

పచ్చ నలుసులకు కావలసినవి రెండే. ఒకటి ఎండ. రెండు ఎరువు. గొడ్లు చెరువులో దిగుతాయి, పేడ వేస్తాయి. వాన పడితే పొలాల మట్టి, ఆకు, అలము కొట్టుకొచ్చి చెరువులో కలుస్తాయి. అదే ఎరువు. చేపలు పెంచేవాళ్ళు చెరువులో పేడ కలపడం అందుకే. చేప పేడ తింటుందని కాదు. పేడతో నలుసు పెరుగుతుంది. నలుసును నీటి పురుగు తింటుంది. పురుగును చేప తింటుంది. చిన్న చేపను కొర్రమీను మింగుతుంది.

ఇంకో సంగతి. దూడకు మేత తక్కువైతే బక్కచిక్కుతుంది. అయినా మూడు నాలుగేండ్లకు ఆవు అంత అవుతుంది. చేప అట్లా కాదు. మేత లేకపోతే పొడవూ ఆగిపోతుంది. పావు కిలో బొచ్చెను చూసి "పిల్ల" అనుకుంటాం. అది ఏడాది నిండినదే కావచ్చు. మేత దొరికితే పెరుగుతుంది, దొరకకపోతే ఆగుతుంది. చెరువులో పిల్లలను మరీ ఎక్కువ వదిలినా అంతే. మేత అంతే ఉంటుంది, నోళ్ళు ఎక్కువవుతాయి.

ఎండ పైన, ఎరువు అడుగున

సముద్రంలో కూడా ఈ పచ్చ నలుసులే మేత. కాని సముద్రానికి చెరువుకు ఒక పెద్ద తేడా ఉన్నది. లోతు.

ఎండ సముద్రంలో పైపైనే దిగుతుంది. మరీ లోతుకు పోతే చిమ్మచీకటి, బావి గనిలో దీపం ఆర్పితే ఎట్లా ఉంటుందో అట్లా. చీకట్లో పచ్చ నలుసు బతకదు. కాబట్టి పంట అంతా పైపొరలోనే పండాలి. ఎరువు మాత్రం పైన నిలవదు. చచ్చిన చేప, చచ్చిన పురుగు, రెట్ట, కుళ్ళు అన్నీ నెమ్మదిగా అడుక్కు దిగిపోతాయి. ఎండ ఉన్న చోట ఎరువు లేదు. ఎరువు ఉన్న చోట ఎండ లేదు.

పప్పుచారు కుండను తలుచుకుంటే ఇది తెలుస్తుంది. కొంచెంసేపు కదపకుండా పెడితే పప్పు అడుక్కు పోతుంది. పైన ఉత్త నీళ్ళ చారు. గంటె పెట్టి కలిపితేనే పప్పు పైకి వస్తుంది. సముద్రాన్ని కలిపే గంటె గాలి.

ఆంధ్ర తీరంలో ఈ పని ఎట్లా జరుగుతుందో చూడండి. తీరం నైరుతి నుంచి ఈశాన్యం వైపుకు ఏటవాలుగా పోతుంది. ఎండాకాలం వచ్చేసరికి గాలి నైరుతి నుంచి ఒడ్డు పొడుగునా వీస్తుంది. గాలి నీళ్ళను తోస్తుంది. అయితే నీళ్ళు నేరుగా ముందుకు పోవు. భూమి తన చుట్టూ తాను తిరుగుతుంది కాబట్టి, మన దేశం ఉన్న సగం భూమ్మీద నీళ్ళు గాలికి కుడిచేతి పక్కకు జరుగుతాయి. ఆంధ్ర తీరంలో ఈ గాలికి కుడిచేతి పక్కన సముద్రమే ఉన్నది. అంటే పైనీళ్ళు ఒడ్డును వదిలి లోపలికి పోతాయి. ఒడ్డు దగ్గర ఖాళీ అయిన చోటును నింపడానికి కిందినుంచి నీళ్ళు పైకి వస్తాయి. అవి చల్లగా ఉంటాయి. వాటితో ఎరువూ వస్తుంది. దానికి ఎండ తగిలితే పచ్చ నలుసు పుడుతుంది. కొన్ని రోజుల్లో సముద్రం పచ్చబడుతుంది. కవళ్ళు, నెత్తళ్ళు గుంపులు గుంపులుగా ఒడ్డుకు వస్తాయి.

విశాఖపట్నం దగ్గర సముద్రంలో నీళ్ళు ఇట్లా అడుగునుంచి పైకి రావడాన్ని 1950లలో కొలిచి చూశారు. అమెరికా నుంచి వచ్చిన లాఫాండ్ అనే శాస్త్రవేత్త, ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్ళు కలిసి ఆ పని చేశారు. జాలర్లకు అంతకు ముందే ఇది వేరే రకంగా తెలుసు. నీళ్ళు చల్లబడ్డాయి, రంగు మారింది అంటే వల తీసుకుని బయలుదేరేవారు. శాస్త్రం కొన్నిసార్లు ఇట్లా వెనక నుంచి వచ్చి, తెలిసిన సంగతికే కారణం చెబుతుంది.

తుఫాను కూడా సముద్రాన్ని కలుపుతుంది. 1999 అక్టోబరులో ఒడిశాను పెను తుఫాను ముంచింది. వేలమంది చనిపోయారు. ఆ తరువాత ఉపగ్రహం తీసిన చిత్రాల్లో, తుఫాను పోయిన దారిలో బంగాళాఖాతం పచ్చబడి కనిపించింది. ఊళ్ళను ఊడ్చిన గాలే అడుగున ఉన్న ఎరువును పైకి తెచ్చింది.

మంచినీటి మూత

బంగాళాఖాతంలోకి గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ వచ్చి కలుస్తాయి. అవన్నీ ఎరువు తెస్తాయి. అట్లాంటప్పుడు అరేబియా సముద్రం కన్నా బంగాళాఖాతమే ఎక్కువ పండాలి కదా! కాని అట్లా లేదు. అరేబియా సముద్రమే ఎక్కువ పండుతుంది.

కారణం నదుల నీళ్ళే. మంచినీళ్ళు తేలిక. ఉప్పునీళ్ళు బరువు. వానాకాలం వరద వచ్చి సముద్రంలో పడితే, ఆ మంచినీళ్ళు పాల మీద మీగడ లాగా పైన పరుచుకుంటాయి. మీగడ మందంగా ఉంటే కింది పాలు కనపడవు. ఇక్కడా అంతే. ఆ పొర మూత లాగా పనిచేస్తుంది. గాలి ఎంత కొట్టినా అడుగు నీళ్ళు పైకి రావడం కష్టమవుతుంది.

అంటే నది రెండు పనులు చేస్తుంది. ఒక చేత్తో ఎరువు తెస్తుంది. ఇంకో చేత్తో మూత వేస్తుంది. నడి సముద్రంలో మూత గెలుస్తుంది. ఒడ్డున, నది కలిసే చోట, ఎరువు గెలుస్తుంది. అందుకే ఏటిమొగల దగ్గర, మడ అడవుల దగ్గర రొయ్య, చేప పిల్లలు ఎక్కువ. కాకినాడ దగ్గర కోరంగి మడ అడవి అట్లాంటిదే. మడచెట్ల వేళ్ళ మధ్య నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి. ఆకు కుళ్ళి ఎరువవుతుంది. పెద్ద చేప లోపలికి రాలేదు. పిల్లలు అక్కడ పెరిగి, కొంచెం బలం వచ్చాక సముద్రంలోకి పోతాయి. ఊళ్ళో బాలవాడి ఉన్నట్టు, చేపలకు అది బాలవాడి.

రామగుండం దాటిన నీళ్ళు ఎక్కడికి పోతాయి?

గోదావరి మహారాష్ట్రలో నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుడుతుంది. 1,465 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. రామగుండం, గోదావరిఖని పక్క నుంచి మంథని వైపు పోతుంది. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత కలుస్తుంది. భద్రాచలం, పాపికొండలు దాటి రాజమండ్రి చేరుతుంది. ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలి యానాం దగ్గర, అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది.

రామగిరి గుట్టల మీద పడ్డ వాన వాగుల వెంట ఆ గోదావరిలోకే పోతుంది. పొలంలో జారిన నల్లమట్టి, ఎర్రమట్టి, రాలిన ఆకు దానితో పోతాయి. ఆ మట్టిలో కొంత అంతర్వేది దాకా పోయి, నలుసుకు ఎరువై, నలుసు కవళ్ళకు మేతై, ఆ కవళ్ళు ఎండి మళ్ళీ అంగడికే రావచ్చు.

ఇదివరకు అంత మట్టి పోయేది. ఇప్పుడు పోవడం లేదు. గోదావరి మీద, దాని ఉపనదుల మీద ఆనకట్టలు కట్టారు. పోచంపాడు ఉన్నది. ఎల్లంపల్లి ఉన్నది. సుందిళ్ళ దగ్గర బ్యారేజీ ఉన్నది. ఆనకట్ట దగ్గర నీళ్ళు ఆగితే మట్టి అడుక్కు దిగిపోతుంది. సముద్రం దాకా వచ్చే ఒండ్రుమట్టి 1970లతో పోలిస్తే 1990ల నాటికే సగానికి పైగా తగ్గిపోయింది. కాకినాడ పక్కన ఉప్పాడ ఊరును సముద్రం కోసుకుంటూ పోతున్నది. మట్టి రాక తగ్గడం కూడా అందుకు ఒక కారణమని పరిశీలించిన వాళ్ళు అంటారు.

ఆనకట్టలు వద్దని ఎవరూ అనరు. ఎల్లంపల్లి నీళ్ళు లేకుంటే ఈ పక్క తాగేది ఏమిటి? పారేది ఏమిటి? కాని పైన ఆపిన దానికి కింద ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క కట్టేది రేవులో చేప ఎండబెట్టుకునే ఆడమనిషి. ఆమెకు ఎల్లంపల్లి పేరు కూడా తెలియకపోవచ్చు.

పులస చేప సంగతి కూడా ఇట్లాంటిదే. అది సముద్రంలో ఉంటే ఇలస. వరదకు ఎదురీది గోదావరిలోకి వస్తే పులస. గుడ్లు పెట్టడానికి తీపి నీళ్ళను వెతుక్కుంటూ వస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టడం పూర్తయింది. అప్పటి నుంచి పులస దారికి అదే అడ్డం. వేలకు వేలు పెట్టి పులస కొనేవాళ్ళు రాజమండ్రి దగ్గరే ఎదురు చూస్తారు. మంథని రేవులో దాని కోసం చూసేవాళ్ళు ఎవరూ లేరు.

కవళ్ళు ఎందుకు చిన్నవయ్యాయి?

కోడలు అడిగిన ప్రశ్న దగ్గరికి వద్దాం. కవళ్ళు, కానగుర్తలు, నెత్తళ్ళు చిన్న చేపలు. నలుసును, నీటి పురుగును తిని బతుకుతాయి. మేతకు, వాటికి మధ్య ఇంకెవరూ లేరు. అందుకే సముద్రం పండిందా లేదా అన్నది ముందుగా వీటి ఒంటి మీదే తెలుస్తుంది. వంజరం, సూర లాంటి పెద్ద చేపల మీద ఆ దెబ్బ ఆలస్యంగా కనపడుతుంది.

కానగుర్త గురించి ఒక ముచ్చట. ప్రపంచంలో ఏ దేశం శాస్త్రవేత్త అయినా ఈ చేపను పుస్తకంలో రాస్తే, దాని పేరులో కానగుర్త అనే రాయాలి. రస్సెల్ అనే తెల్లదొర విశాఖపట్నం చేపల బొమ్మలతో 1803లో ఒక పుస్తకం అచ్చువేశాడు. జాలర్లు చెప్పిన పేరునే అందులో రాసుకున్నాడు. ఆ తెలుగు పేరే శాస్త్రంలో నిలిచిపోయింది.

కవళ్ళ కథ కేరళలో బాగా తెలుస్తుంది. కేరళ వాళ్ళకు కవళ్ళు రోజూ తినే కూర. అక్కడ 2012లో దాదాపు 4 లక్షల టన్నుల కవళ్ళు పట్టారు. 2021లో పట్టింది 3,297 టన్నులు. అంటే నూరు గంపలు వచ్చిన చోట ఒక్క గంప కూడా రాలేదు. 2015లో ఎల్‌నినో వచ్చింది. దూరాన పసిఫిక్ సముద్రం వేడెక్కితే, ఇక్కడ గాలులు, వానలు తప్పుతాయి. దాన్నే ఎల్‌నినో అంటారు. కవళ్ళు తగ్గడానికి అది ఒక కారణం. ఉన్న కాసిన్ని చేపలను కూడా వదలకుండా పట్టడం ఇంకో కారణం.

తరువాత 2024లో అక్కడ వానలు బాగా పడ్డాయి. అడుగు నీళ్ళు బాగా పైకి వచ్చాయి. మేత బాగా పండింది. కవళ్ళ పిల్లలు చావకుండా లెక్కలేనన్ని బతికాయి. జాలర్లు సంతోషపడ్డారు. కాని పిల్లలు మరీ ఎక్కువయ్యాయి. మేత చాలలేదు. ఒక చేపా సరిగ్గా పెరగలేదు. వల నిండా చేపలే, కాని అన్నీ బక్కవి, చిన్నవి. కొనేవాళ్ళు లేక రేవులో ధర పడిపోయింది. చెరువులో పిల్లలు ఎక్కువ వదిలితే ఏమవుతుందో సముద్రంలో అదే అయింది.

కాబట్టి చేప చిన్నగా ఉంటే దానికి కారణం ఒక్కటే అని చెప్పలేం. మేత పండకపోయి ఉండవచ్చు. మేత పండినా నోళ్ళు ఎక్కువై ఉండవచ్చు. లేదా వయసు రాకముందే పట్టి ఉండవచ్చు.

ఏది నిజమో ఎట్లా తెలుస్తుంది? చేప తలలో చెవి దగ్గర ఒక తెల్లని చిన్న రాయి ఉంటుంది. తల నమిలి తినేవాళ్ళకు పంటి కింద గట్టిగా తగిలేది అదే. చెట్టు మొద్దును అడ్డంగా కోస్తే వలయాలు కనపడతాయి కదా. ఈ రాయిలో కూడా అట్లాంటి వలయాలు ఉంటాయి. చిన్న చేపల్లో రోజుకు ఒక గీత పడుతుంది. మేత దొరికిన రోజుల్లో గీతలు ఎడంగా పడతాయి. ఆకలి రోజుల్లో దగ్గర దగ్గరగా పడతాయి. కొచ్చిలో, విశాఖపట్నంలో కేంద్ర సముద్ర చేపల పరిశోధన సంస్థ వాళ్ళు రాయిని పలచగా అరగదీసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి గీతలు లెక్కపెడతారు. చదువురాని చేప తన బతుకు తానే రాసుకుంటుంది.

హైదరాబాదు నుంచి సముద్రాన్ని చూసేవాళ్ళు

సముద్రం లేని హైదరాబాదులో సముద్రం కోసం ఒక ఆఫీసు ఉన్నది. ప్రగతినగర్‌లో ఉంటుంది. దాని పేరు ఇన్‌కాయిస్. 1999లో పెట్టారు. సునామీ వస్తే ముందుగా చెప్పేది వీళ్ళే. ఉపగ్రహం పంపిన చిత్రాలు చూసి నీళ్ళు ఎక్కడ చల్లగా ఉన్నాయి, ఎక్కడ పచ్చగా ఉన్నాయి అని గుర్తిస్తారు. ఫలానా రేవు నుంచి ఫలానా దిక్కులో, ఇంత దూరంలో చేపలు ఉండవచ్చు అని జాలర్లకు కబురు పంపుతారు. ఇప్పుడు ఆ కబురు సెల్‌ఫోన్లలో కూడా వస్తుంది. తిరుగుడు తగ్గుతుంది. డీజిల్ కలిసి వస్తుంది.

దీంట్లో ఒక చిక్కు ఉన్నది. చేప ఎక్కడుందో అందరికీ తెలిస్తే అందరూ అక్కడికే పోతారు. కబురు ఎంత మంచిదో, పట్టడానికి హద్దు లేకపోతే అంత చెడ్డది. నిషేధం రోజుల్లో ఇన్‌కాయిస్ వాళ్ళు ఆ కబురు పంపరు.

61 రోజులు వల ఆపడం

ఆంధ్ర తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలతో, మోటారు పడవలతో వేట చేయకూడదు. 61 రోజులు. 2015కు ముందు ఇది 61 రోజుల కన్నా తక్కువ ఉండేది. మోటారు లేని తెప్పలకు ఈ నిషేధం లేదు. కేరళ పక్క తీరంలో అయితే జూన్, జూలై నెలల్లో ఆపుతారు.

ఆ రోజులే ఎందుకు? చాలా చేపలు ఆ నెలల్లో గుడ్లు పెడతాయి. కడుపుతో ఉన్న చేపను పడితే దానితో పాటు లక్షల గుడ్లు పోతాయి. పిల్లలు పుట్టి, వానలకు పండే మేత తిని పెరగాలంటే కొన్నాళ్ళు వదిలిపెట్టాలి.

వేట ఆగితే ఇల్లు ఎట్లా గడుస్తుంది? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ రోజులకు డబ్బు ఇస్తుంది. 2019లో కుటుంబానికి 10,000 రూపాయలు చేశారు. 2025లో 20,000 చేశారు. అది పడవ మీద వేటకు పోయేవాళ్ళ లెక్కన వచ్చే డబ్బు. చేపలు ఎండబెట్టేది, గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధి తిరిగి అమ్మేది ఎక్కువగా ఆడవాళ్ళు. ఆ 61 రోజులు వాళ్ళ గంప కూడా ఖాళీయే. వాళ్ళ పనికి ఆ లెక్కలో చోటు లేదు.

వేరే కట్టుబాట్లు కూడా ఉన్నాయి. 1994లో ఆంధ్రప్రదేశ్‌లో సముద్ర వేట మీద చట్టం వచ్చింది. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల దాకా చిన్న జాలర్లదే. పెద్ద మరపడవలు ఆ హద్దు లోపల వల వేయకూడదు. మేత బాగా పండేది, పిల్లలు పెరిగేది ఆ ఒడ్డు పక్కనే. అందుకే కొట్లాటలు కూడా అక్కడే. 2022 జనవరిలో విశాఖపట్నంలో రింగు వలల గురించి జాలరి పేటల మధ్య పెద్ద గొడవ అయింది. పడవలు తగలబెట్టుకున్నారు. రింగు వల గుంపును చుట్టేసి ఒక్కసారే మొత్తం లాగుతుంది. హద్దు లోపల రింగు వల వేస్తే తమకు ఏం మిగులుతుందని చిన్న వలల వాళ్ళ బాధ. అప్పు తెచ్చి కొన్న వలను ఏం చేసుకోవాలని రింగు వలల వాళ్ళ బాధ. రెండు పక్కలా ఉన్నది బీదవాళ్ళే.

బొగ్గు గనుల దగ్గర ఉండేవాళ్ళకు ఒక లెక్క తెలుసు. భూమిలో బొగ్గు ఎంత ఉన్నదో ముందే కొలుస్తారు. ఈ ఏడు ఇన్ని టన్నులు తీయాలి అని రాసుకుంటారు. తీసిన బొగ్గు మళ్ళీ పుట్టదు. తీయని బొగ్గు ఎక్కడికీ పోదు. సముద్రంలో అట్లా కుదరదు. చేప పుడుతుంది, పెరుగుతుంది, చస్తుంది, వేరే చోటికి పోతుంది. మేత పండిన ఏడు పట్టినంత మేత పండని ఏడు కూడా పడితే, పెట్టుబడిలోంచి తిన్నట్టే.

పెరూ దేశం ఆ తప్పు చేసింది. అది దక్షిణ అమెరికాలో పసిఫిక్ ఒడ్డున ఉన్నది. అక్కడ గాలి ఏడాది పొడుగునా అడుగు నీళ్ళను పైకి తెస్తుంది. నెత్తళ్ళ జాతి చేప కుప్పలు తెప్పలుగా దొరుకుతుంది. 1970లో సుమారు కోటీ 20 లక్షల టన్నులు పట్టారు. 1972లో ఎల్‌నినో వచ్చింది. అడుగు నీళ్ళు పైకి రాలేదు. మేత పండలేదు. వలలు మాత్రం ఆగలేదు. 1973 నాటికి పట్టింది 20 లక్షల టన్నులు కూడా లేదు. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. మళ్ళీ కోలుకోవడానికి ఏండ్లు పట్టింది. ఇప్పుడు అక్కడ వేట మొదలయ్యే ముందు శాస్త్రవేత్తలు ఓడల్లో పోయి చేప ఎంత ఉన్నదో, పిల్లలు ఎన్నో లెక్క చూస్తారు. 2023లో పిల్లలే ఎక్కువ కనపడ్డాయి. దేశానికి ముఖ్యమైన ఆ ఏటి మొదటి వేటనే రద్దు చేశారు.

ఇక్కడ మాత్రం నిషేధం తేదీలు మేతను చూసి మారవు. గాలి ఒక ఏడు ముందు వస్తుంది, ఒక ఏడు ఆలస్యమవుతుంది. క్యాలెండరు ఒకటే. ఏటేటా మార్చాలంటే ఏటేటా చేపను లెక్కపెట్టే మనుషులు, ఓడలు కావాలి. తేదీ ఒకటే ఉంటే జాలరికి గుర్తుంటుంది, పోలీసుకు గుర్తుంటుంది. ఆ సౌకర్యం కొట్టిపారేసేది కాదు. కాని చిన్న చేపను పట్టకుండా ఆపడానికి అది ఒక్కటే చాలదు. కేరళలో 2015 నుంచి చేపకు కొలత పెడుతూ వచ్చారు. కవళ్ళు 10 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉంటే పట్టకూడదు.

10 సెంటీమీటర్లంటే జానలో సగం. అంగట్లో కోడలు అరచేతిలో కవళ్ళు పెట్టుకుని, జాన చాపి కొలిచింది. సగానికి కొంచెం ఎక్కువే ఉన్నది. ఎండితే చేప కొద్దిగా ముడుచుకుపోతుంది కూడా.

"పచ్చిది ఇంకింత పొడుగుంటదవ్వా. మరీ పిల్లగాదు. మేత దొరకనిది కావచ్చు."

"నువ్వేం జెప్తున్నవో గాని, పావుకిల జోకన్నా?"

"జోకు. పెద్దయి ఎన్నడొస్తయి?"

"జూన్‌ల పదిహేను తారీకు దాటంగనే పడవలు పోతయట. వానకు చాప ఎండది. ఉప్పు పట్టించి, పొద్దు కనపడ్డప్పుడల్ల ఆరబెట్టి పంపుతరు. ఒక నెల ఆగు."

అవ్వ తరాజు పట్టింది. ఒక పిడికెడు కవళ్ళు కొసరు వేసింది.